డయాలసిస్‌లో ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్: కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

కిడ్నీలు పనిచేయని వారికి వారానికి రెండు మూడుసార్లు హీమోడయాలసిస్ చేస్తారు. ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. మెషీన్ మొదలుపెట్టేటప్పుడు నర్సు గానీ టెక్నీషియన్ గానీ ఒక మందు ఎక్కిస్తారు. అదే హెపారిన్. చాలామంది దీన్ని ‘రక్తం పల్చబడే సూది’ అంటారు. నిజానికి ఇది రక్తాన్ని పల్చన చేయదు, కొన్ని గంటలపాటు గడ్డకట్టకుండా చూస్తుంది, అంతే.

ఎందుకిస్తారు?

ఒంట్లోంచి బయటికొచ్చిన రక్తం ప్లాస్టిక్‌ను, గాలిని తాకితే గడ్డకట్టడం మొదలవుతుంది. డయాలసిస్ జరిగేటప్పుడు ట్యూబుల్లో, ఫిల్టర్‌లో కలిపి సుమారు 150 నుంచి 250 మిల్లీలీటర్ల రక్తం ఒంటి బయటే ఉంటుంది. ఫిల్టర్‌లోని వేల సన్నని గొట్టాలు మూసుకుపోతే రక్తం సరిగా శుభ్రపడదు. మొత్తం గడ్డకడితే ఆ రక్తాన్ని తిరిగి ఎక్కించడం కుదరదు, పారేయాల్సిందే. అసలే రక్తం తక్కువగా ఉండే కిడ్నీ పేషెంట్‌కు ఇది పెద్ద నష్టం.

హెపారిన్‌ను 1916లో అమెరికాలో జంతువుల కాలేయం మీద పరిశోధన చేస్తుండగా కనుగొన్నారు. 1943లో నెదర్లాండ్స్‌లో డాక్టర్ విలెం కోల్ఫ్ తన డయాలసిస్ మెషీన్‌తో వైద్యం మొదలుపెట్టినప్పుడు కూడా ఈ మందునే వాడారు.

డోసు అందరికీ ఒకటి కాదు

సాధారణంగా మొదట ఒక డోసు ఇచ్చి, ఆ తర్వాత గంటకు కొంత చొప్పున పంపు ద్వారా పంపిస్తారు. ఫిస్టులా ఉన్నవారికి డయాలసిస్ ముగియడానికి అరగంట, గంట ముందే ఆపేస్తారు. ఎనోక్సాపారిన్ లాంటి ఇంజెక్షన్ అయితే మొదట్లో ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. కానీ అది కిడ్నీల ద్వారా బయటికి పోయే మందు కాబట్టి ఈ పేషెంట్లలో దాని ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది.

మందు బయట కొని తెమ్మంటే ఒక జాగ్రత్త. మన దేశంలో హెపారిన్ మిల్లీలీటర్‌కు 1000 యూనిట్లు, 5000 యూనిట్లు అని రెండు బలాల్లో దొరుకుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే డోసు ఐదు రెట్లు తేడా వస్తుంది. చీటీ మీద రాసిన బలాన్నే చూసి తేవాలి.

ఇది హలాలేనా?

ఎక్కువ హెపారిన్‌ను పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు. కొన్ని దేశాల్లో గొడ్ల పేగుల నుంచి తీసినది కూడా వాడతారు. ఎనోక్సాపారిన్‌కు మూలం కూడా పందే. ప్రాణం మీదికి వచ్చి, వేరే దారి లేనప్పుడు సడలింపు ఉంటుందనే జరూరత్ సూత్రం ఫికహ్‌లో ఉంది. పదార్థం పూర్తిగా మారిపోతే హుకుం మారుతుందా అనే ఇస్తిహాలా చర్చ కూడా ఉంది. సందేహం ఉంటే ముందే డాక్టర్‌ను వేరే మందు కుదురుతుందా అని అడగాలి, ఆ జవాబుతో నమ్మకమైన ముఫ్తీ సాబ్‌ను కలవాలి. కొందరికి హెపారిన్ లేకుండా, 15 నుంచి 30 నిమిషాలకోసారి సెలైన్ పంపిస్తూ డయాలసిస్ చేయవచ్చు. అయితే అలా చేస్తే గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఇవేవీ అడగకుండా డయాలసిస్‌నే మానేయడం మాత్రం ప్రాణాపాయం.

సూది వేయక ముందే చెప్పాల్సినవి

- చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం రావడం, మలం నల్లగా ఉండటం
- ఈ మధ్య కింద పడటం, ముఖ్యంగా తలకు దెబ్బ తగలడం
- పన్ను పీకించుకోవడం, ఆపరేషన్ అయి ఉండటం లేదా త్వరలో ఉండటం
- ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడటం
- హిజామా చేయించుకోవడం. డయాలసిస్ పేషెంట్లు డాక్టర్‌ను అడగకుండా హిజామాకు వెళ్లకూడదు
- ఇంతకుముందు హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోవడం
- నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండటం. మగ టెక్నీషియన్‌తో చెప్పడానికి మొహమాటమైతే నర్సుతో చెప్పొచ్చు

ఇవి తెలిస్తే డాక్టర్ డోసు తగ్గిస్తారు, లేదా ఆ రోజుకు హెపారిన్ లేకుండా చేయిస్తారు. చెప్పకపోతే మామూలు డోసే ఎక్కుతుంది.

ఇంటికి వచ్చాక

హెపారిన్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటల్లో తగ్గిపోతుంది. ఆ రోజు కండకు ఇంజెక్షన్లు, పంటి చికిత్స పెట్టుకోకపోవడమే మంచిది. సూది తీసిన చోట రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో, మధ్యమధ్యలో తీసి చూడకుండా 10, 15 నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. అప్పటికీ ఆగకపోయినా, తల దెబ్బ తర్వాత వాంతులు, మత్తు, విపరీతమైన తలనొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. ఈ రోజు డయాలసిస్ అయింది, హెపారిన్ ఇచ్చారు అని అక్కడి డాక్టర్‌కు ముందుగా చెప్పాలి. అవసరమైతే ఇవ్వడానికి ప్రోటమిన్ అనే విరుగుడు ఉంది.