రెప్పపాటు నిర్ణయము

సూర్యాపేట బస్టాండులో 2015 ఏప్రిల్ 1వ తేదీ అర్ధరాత్రి పోలీసులు బస్సులను తనిఖీ చేయుచుండిరి. హైదరాబాదు–విజయవాడ రహదారిపై అది వారికి నిత్యకృత్యమే. అంతలో ఇద్దరు ప్రయాణికులు తుపాకులు తీసి కాల్చిరి. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు అసువులు బాసిరి.

ఏప్రిల్ 4న జానకీపురమువద్ద పోలీసులు ఆ సాయుధులను ఎదుర్కొనిరి. ఆ ఇద్దరితోపాటు ఒక కానిస్టేబులు కూడ మరణించెను. తీవ్రముగా గాయపడిన ఎస్సై సిద్ధయ్య 7వ తేదీన కన్నుమూసెను. ఆనాడే ఆలేరు సమీపమున, వరంగల్లు చెరనుండి హైదరాబాదు న్యాయస్థానమునకు తీసికొనిపోవుచున్న ఐదుగురు విచారణఖైదీలు పోలీసు కాల్పులలో మరణించిరి. వారు ఆయుధములు లాగుకొనబోయిరని పోలీసులు చెప్పిరి. బంధువులును, పౌరహక్కుల సంఘములును ఆ మాటను అంగీకరింపలేదు.

ఈ సీమకు తుపాకి మ్రోత క్రొత్త కాదు. 1946–51 నడుమ సాయుధపోరాటము సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలను కదిలించినది. 1948 సెప్టెంబరులో భారతసేన బెజవాడనుండి కోదాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాదునకు సాగినది. అట్టి కాలములందు ఎవరెంతమంది మరణించిరో చరిత్ర లెక్క వ్రాసినది; తుపాకి పట్టినవాని మనఃస్థితిని మాత్రము అంతగా పట్టించుకొనలేదు.

శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ఒక సత్యమును విశదీకరించెను. అపాయము తోచినంతనే దేహము పోరాటమునకో పలాయనమునకో సిద్ధపడును. గుండె వడివడిగా కొట్టుకొనును; చూపు ఒక్కచోటనే నిలుచును; ప్రక్కనున్నవాని కేక సైతము చెవికెక్కకపోవచ్చును. ఎదుటివాని చేతిలోనున్నది ఆయుధమా, కాదా యని తేల్చుకొనవలసినది ఆ క్షణముననే.

ఇది క్షణికమైన ఒత్తిడి. దినదినము పేరుకొనునది వేరొకటి కలదు. రాత్రి కాపలాలు, రహదారి ప్రమాదములలో శవములను మోయుట, పండుగనాడైనను ఇల్లు చేరలేకపోవుట. నిద్ర కరవైనచో కోపము పెరుగును, వివేకము తరుగును. మనసు బాగులేదని చెప్పుకొన్నచో పిరికివాడందురను జంకుచేత పలువురు మౌనము వహింతురు. ఆ మార్పును మొదట కనిపెట్టునది ఇంటివారే.

ఒత్తిడి అపరాధమునకు సమర్థనము కాదు. కాని విశ్రాంతి, తగిన శిక్షణ, సంకోచము లేక వైద్యుని దరిచేరు అవకాశము, ఇవి పోలీసునకే గాక అతని యెదుట నిలిచిన పౌరునకును రక్ష. 1959లో లడఖ్‌లో నేలకొరిగిన పదిమందిని తలచుచు ఏటేట అక్టోబరు 21న అమరులకు నివాళి సమర్పించుచున్నాము. మరునాడు మరల విధికి పోవువాని మనసును గూర్చియు ఒకమారు విచారించుట మన ధర్మము.