శ్రీసిటీ కొలువుకు డిగ్రీ ఒక్కటే చాలదు: జపాన్ కంపెనీల్లో మన పిల్లలు నేర్చుకోవాల్సినవి

అనియత విద్య అంటే మన పెద్దలకు గుర్తొచ్చేది బడి మానేసిన పిల్లల కోసం సర్కారు నడిపిన కేంద్రాలే. ఇప్పుడు ఆ మాటకు అర్థం పెరిగింది. కాలేజీ సిలబస్‌కు బయట ఒక పద్ధతి ప్రకారం నేర్చుకునేదంతా అందులోకే వస్తుంది. తిరుపతి జిల్లాలో దీని అవసరం బాగా తెలిసేది శ్రీసిటీలో.

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లోని ఈ పారిశ్రామిక నగరం చెన్నైకి సుమారు 55 కిలోమీటర్ల దూరం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇది చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఇసుజు, కొబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీల ప్లాంట్లు ఇక్కడున్నాయి.

జపాన్ పద్ధతిలో పని నేర్చుకునే వాళ్లకు ముందుగా ఎదురయ్యే మాట 'హోరెన్సో'. హోకొకు అంటే పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడం, రెన్‌రకు అంటే సమాచారం అందించడం, సోదాన్ అంటే సలహా అడగడం. మన దగ్గర పొరపాటు జరిగితే ముందు సరిచేసి, తర్వాత సార్‌కు చెబుదాంలే అనుకుంటాం. అక్కడ చెప్పకుండా దాచిపెట్టడమే పెద్ద తప్పు. ఇంకో చిక్కు 'హై' అనే మాటతో. దానికి 'అవును' అనే అర్థం ఉన్నా, చాలాసార్లు 'వింటున్నాను' అని మాత్రమే. మనం ఊ కొట్టినట్టు, ఇంట్లో జీ, జీ అన్నట్టు. అది విని ఒప్పుకున్నారనుకుంటే ఇబ్బందే.

భాష విషయంలో మాత్రం మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. జపనీస్‌లో 'తిరుపతి కరా కిమాషిత' అంటారు. తెలుగులో 'తిరుపతి నుంచి వచ్చాను', ఉర్దూలో 'తిరుపతి సే ఆయా'. వరస ఒక్కటే, క్రియ చివర్నే. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేకంటే ఇలా నేర్చుకుంటే తొందరగా పట్టుబడుతుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సరిహద్దు ఊళ్లలో తమిళం మాట్లాడే పిల్లలకు భాష మార్చడం కొత్తేమీ కాదు. లిపి మాత్రం కష్టమే, కంజీ అక్షరాలకు రోజూ కూర్చోవాలి.

జేఎల్‌పీటీ పరీక్షలో ఐదు మెట్లు. ఎన్5 తేలిక, ఎన్1 కఠినం. మన దేశంలో జూలై, డిసెంబర్ నెలల్లో జరుగుతుంది, చెన్నైలో సెంటర్ ఉంది. జపాన్ ఫౌండేషన్ తయారుచేసిన 'ఇరొదొరి' పాఠాలు నెట్‌లో ఉచితం.

ట్రైనింగ్‌కు జపాన్ పంపుతామంటే ఇళ్లలో మొదటి ప్రశ్న తిండి. మాంసం సంగతి సరే, అక్కడి వంటల్లో వాడే మిరిన్, సాకే రెండూ మద్యం రకాలే, కూర చూసి కనిపెట్టలేం. రోజా ఉంటామని, జుమా నమాజుకు కాస్త టైమ్ కావాలని బయలుదేరే ముందే సూపర్‌వైజర్‌కు చెప్పడం మంచిది. ముందుగా చెప్పడం, అంటే రెన్‌రకు, వాళ్ల పద్ధతే కదా.

ఏజెంటు ద్వారా వెళ్లేవాళ్లు అతనికి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. లైసెన్స్ ఉన్న ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. డబ్బు కట్టిన రసీదు తప్పకుండా తీసుకోవాలి.