దంత ఇంప్లాంట్ల ఇన్ఫెక్షన్లు, ప్రోబయాటిక్ చికిత్స

దవడ ఎముకలో బిగించిన ఇంప్లాంట్ చుట్టూ పాచి పేరుకుంటే చిగురు వాచి, తాకితే రక్తం కారుతుంది. వాపు చిగురు వరకే ఉంటే పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు, ఇది నయమవుతుంది. ఎముక కూడా కరగడం మొదలైతే అది పెరి-ఇంప్లాంటైటిస్. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ఈ వాపులను మేలుచేసే బ్యాక్టీరియాతో తగ్గించే ప్రయత్నమే ప్రోబయాటిక్ చికిత్స.

స్వీడన్ వైద్యుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ ఎముకలో అమర్చిన టైటానియం పరికరాలు ఊడిరాకుండా అతుక్కుపోవడం గమనించాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో తొలి రోగికి ఇంప్లాంట్లు పెట్టాడు. ఆ రోగి 2006లో మరణించేదాకా అవి నిలిచాయి. అందరికీ అంత అదృష్టం దక్కలేదు. సహజమైన పన్నును ఎముకతో కలిపే పీచు పొర ఇంప్లాంట్‌కు ఉండదు. చుట్టూ ఉన్న చిగురు పీచులు చాలావరకు దానికి సమాంతరంగా సాగుతాయే తప్ప దానిలో నాటుకోవు. అందువల్ల వాపు త్వరగా ఎముకదాకా దిగుతుంది. మర ఆకారపు ఇంప్లాంట్ గాడుల్లో, గరుకు ఉపరితలంలో దాగిన బ్యాక్టీరియాను గీకి తీయడమూ కష్టమే. విఫలమవుతున్న ఇంప్లాంట్ల దగ్గరి బ్యాక్టీరియా చిగుళ్ళ జబ్బులో కనిపించేవాటిని పోలి ఉందని మొంబెల్లి బృందం 1987లో చూపింది. యాంటీబయాటిక్స్‌కు క్రిములు లొంగకపోవడం పెరిగేకొద్దీ వైద్యులు వేరే దారులు వెతకసాగారు.

మేలుచేసే బ్యాక్టీరియా ఆలోచన అంతకంటే పాతది. పాస్తర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన మెచ్నికోవ్ 1907లో బల్గేరియా పుల్లపెరుగును దీర్ఘాయువుతో ముడిపెట్టాడు. అంతమాత్రాన మన ఇంటి పెరుగు ఇంప్లాంట్‌కు మందు కాదు. ప్రోబయాటిక్ పరిశోధనలో ఏ జాతి అన్నదానితో సరిపోదు, అందులో ఏ రకం అన్నదే అసలు ప్రశ్న. నోటి వైద్యంలో ఎక్కువగా పరీక్షించిన ల్యాక్టోబాసిల్లస్ రియుటెరి బిళ్ళలో రెండు రకాలు ఉంటాయి. ఒకటి జపాన్ మహిళ నోటి నుంచి సేకరించినది. రెండోది పెరూ తల్లి పాలలో దొరికిన రకం నుంచి, యాంటీబయాటిక్స్‌ను తట్టుకునే జన్యువులున్న చిన్న డీఎన్ఏ వలయాలైన ప్లాస్మిడ్‌లను తొలగించి తయారుచేసినది. ఈ బ్యాక్టీరియా గ్లిజరాల్‌ను రియుటెరిన్ అనే క్రిమినాశక పదార్థంగా మార్చగలదు. 2020లో దాని శాస్త్రీయ నామం లిమోసిల్యాక్టోబాసిల్లస్ రియుటెరిగా మారింది.

2006లో చిగుళ్ళ వాపు రోగుల్లో రియుటెరి రక్తస్రావం తగ్గించిందని స్వీడన్ అధ్యయనం చెప్పాక ఆశ పెరిగింది. 2007లో బెల్జియం పరిశోధకులు కుక్కల చిగుళ్ళ సందుల్ని శుభ్రంచేసి, వాటిలో మేలుచేసే స్ట్రెప్టోకాకస్‌లను నాటారు. చెడ్డవి తిరిగి రావడం మందగించింది. ఖాళీ చేసిన చోట ముందుగా ఎవరు చేరతారన్నదే ఆ పందెం. ఇంప్లాంట్ల మీద మాత్రం ఫలితాలు రెండు తీరులుగా వచ్చాయి. 2018లో స్పెయిన్‌లో 44 మందిపై జరిగిన పరీక్షలో రోజూ ఒక బిళ్ళ చప్పరించినవారికి రక్తస్రావం తగ్గింది, కానీ బ్యాక్టీరియా మీద ప్రభావం స్వల్పమే. అదే ఏడాది వెలువడిన జపాన్ అధ్యయనంలో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తర్వాత బిళ్ళలు ఇచ్చారు. వాపు లక్షణాలు మెరుగుపడినా, క్రిముల సంఖ్యలో తేడా కనిపించలేదు. 2016 స్వీడన్ పరీక్షలోనూ, 2020 బెల్జియం పరీక్షలోనూ ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే అదనపు ప్రయోజనం ఏదీ తేలలేదు.

ఇందులో వింత ఏమీ లేదు. ఈ పరీక్షల్లో రెండు వర్గాలకూ ముందు ఇంప్లాంట్ శుభ్రం చేస్తారు, ఇంట్లో తోముకోవడం నేర్పుతారు. మెరుగుదలలో ఎక్కువ భాగం ఆ పనిదే. పైగా బిళ్ళలు ఆపిన కొద్ది వారాల్లోనే ఆ బ్యాక్టీరియా సాధారణంగా నోట్లోంచి మాయమవుతుంది. యూరోపియన్ చిగుళ్ళ వైద్యుల సమాఖ్య 2023 మార్గదర్శకాలు ప్రోబయాటిక్ బిళ్ళలను వాడమని సిఫారసు చేయలేదు.