సొంత కంపెనీ, పరాయి కొలువు

మా తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది: "మావాడికి లండన్‌లో సొంత కంపెనీ ఉండాది." ఆ నాయన గర్వం నిజమే, కంపెనీ కూడా నిజమే. బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్‌లో రిజిస్టరై ఉంటుంది, ఏటా లెక్కలు చూపిస్తుంది, కార్పొరేషన్ పన్ను కడుతుంది. కాకపోతే అందులో డైరెక్టరు, వాటాదారు, పనివాడు అన్నీ ఒక్కడే. ఏదో బ్యాంకుకో ప్రభుత్వ శాఖకో ఆరు నెలల పని ఒప్పుకుంటాడు, రోజుకింత అని బిల్లు పంపుతాడు. పాతికేళ్లుగా బ్రిటిష్ ప్రభుత్వానికి, ఇలాంటివాళ్లకు మధ్య ఒక తగాదా నడుస్తోంది. బ్రిటన్‌కు పిల్లల్ని పంపే ఇళ్లలో దాని గురించి తెలిసినవాళ్లు బహు తక్కువ.

దీని మొదలు రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఉంది. 1944 నుంచి బ్రిటన్‌లో ఉద్యోగి పన్నును యజమాని జీతంలోనే పట్టుకుని ఖజానాకు కడతాడు. స్వయం ఉపాధిలో ఉన్నవాడు తన పన్ను తాను తర్వాత కట్టుకుంటాడు. 1975లో ఏజెన్సీల ద్వారా పనిచేసేవాళ్లను పన్ను విషయంలో ఉద్యోగులుగానే చూడాలని చట్టం తెచ్చారు. ఆ భారం తమ మీద పడకుండా ఏజెన్సీలు "లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని రండి" అనడం మొదలుపెట్టాయి. అంటే సొంత కంపెనీ పద్ధతి పనివాళ్లు పన్ను ఎగ్గొట్టడానికి పన్నిన ఎత్తు అని ఇక్కడి పత్రికలు రాసేది సగం నిజం కూడా కాదు. ప్రభుత్వ చట్టం, ఏజెన్సీల భయం కలిసి దాన్ని పుట్టించాయి. అయితే కొంచెం జీతం, మిగతాది డివిడెండుగా తీసుకుంటే నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా చందా చాలావరకు తప్పుతుందన్నది కూడా నిజమే. అది ఖజానా కంట్లో పడింది.

1999 మార్చి 9న ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ బడ్జెట్ పెట్టిన రోజు, పన్నుల శాఖ విడుదల చేసిన ప్రకటనల్లో ఒకదాని సంఖ్య ఐఆర్ 35. శుక్రవారం ఉద్యోగం మానేసి, సోమవారం అదే కుర్చీలో కన్సల్టెంటుగా కూర్చునేవాళ్లను పట్టుకోవడం దాని ఉద్దేశం. ఆ నిబంధన 2000 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అది అడిగేది ఇదే: మధ్యలో కంపెనీ లేదనుకుంటే నువ్వు ఉద్యోగివేనా? అవునంటే ఉద్యోగి పన్నే కట్టాలి. కాంట్రాక్టర్లు సంఘం కట్టి కోర్టుకెక్కారు, 2001లో ఓడిపోయారు. మరుసటి ఏడాది, 2002లో, నైపుణ్యం ఉన్నవాళ్లకు ఉద్యోగం చేతిలో లేకపోయినా వచ్చే వీలిచ్చే వీసా మొదలైంది. దాని మీద మన తెలుగువాళ్లు చాలామంది వచ్చి, కంపెనీలు రిజిస్టరు చేసుకుని, ఈ తగాదా ఒకటుందని తెలియకుండానే దాని మధ్యలో దిగారు.

ఎవరు ఉద్యోగి, ఎవరు కాదు అని తేల్చడం పైకి కనిపించినంత తేలిక కాదు. వెంకటగిరిలో గుంటమగ్గం నేతగాడిది, ఇల్లు అతనిది, పని వేళలూ అతనివే. నూలు, డిజైను మాత్రం మాస్టర్ వీవర్‌వి, చీర వెళ్లేదీ అతని దగ్గరికే. ఆ నేతగాడు స్వతంత్రుడా, కూలివాడా? బ్రిటన్‌లో ఇదే చిక్కు 1967లో ఒక కాంక్రీటు లారీ డ్రైవరు విషయంలో వచ్చింది. లారీ అతనిదే, రంగు మాత్రం కంపెనీది, యూనిఫాం కంపెనీది. తన బదులు ఇంకొకరిని పెట్టుకోగలడు, నష్టం కూడా తనదే గనుక స్వతంత్రుడే అన్నారు జడ్జి మెకెన్నా. ఆయన పెట్టిన ప్రశ్నలే ఇవాళ్టికీ గీటురాయి: పని నువ్వే చేయాలా? ఎలా చేయాలో చెప్పే అధికారం వాళ్లకుందా? మిగతా ఒప్పందం దేన్ని పోలి ఉంది?

మనకూ అలాంటి తీర్పు ఉంది. తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద వచ్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, గుడ్డకింత అని కుట్టే దర్జీలను ఉద్యోగులే అంది సుప్రీంకోర్టు, 1973లో. మిషన్లు యజమానివి, కుట్టు బాగాలేకపోతే తిప్పికొట్టే హక్కు అతనిది. ఆ తీర్పుతో దర్జీలకు చట్టం ఇచ్చే రక్షణ దక్కింది. బ్రిటన్ ఐఆర్ 35 మీద నా కోపమంతా ఇక్కడే. దాని కింద నిన్ను ఉద్యోగివని తేల్చేది పన్ను వరకే. సెలవు జీతం, జబ్బు చేస్తే జీతం, తీసేస్తే పరిహారం ఆ క్లయింటు నుంచి రావు.

2017 వరకు నిర్ణయం కాంట్రాక్టరుదే, తప్పయితే బాధ్యతా అతనిదే. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వ సంస్థల్లోనూ, కోవిడ్ వల్ల ఏడాది వాయిదాపడి 2021 ఏప్రిల్‌లో పెద్ద, మధ్యస్థాయి ప్రైవేటు సంస్థల్లోనూ నిర్ణయం పని ఇచ్చేవాళ్ల చేతికి వెళ్లింది. తప్పితే పన్ను కూడా వాళ్ల వైపు నుంచే. అంత భారం నెత్తిన పడుతుందంటే ఎవరైనా ఏం చేస్తారు? హెచ్‌ఎస్‌బీసీ, బార్‌క్లేస్, లాయిడ్స్ లాంటి బ్యాంకులు గడువుకు ముందే సొంత కంపెనీల వాళ్లను తీసుకోబోమన్నాయి. ఒక్కొక్కరి పని చూసి తేల్చాలని చట్టం అంటే, ఎన్నో సంస్థలు అందరినీ ఒకే గాటన కట్టేశాయి.

అప్పుడు పెరిగినవే, కాంట్రాక్టరును తమ ఉద్యోగిగా చూపించి జీతమిచ్చే అంబ్రెల్లా కంపెనీలు. రోజుకు 500 పౌండ్లు అని ఏజెన్సీ చెబుతుంది. అందులోంచే యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్, అప్రెంటిస్‌షిప్ లెవీ, అంబ్రెల్లా రుసుం, సెలవు జీతం తీశాక మిగిలిందాన్ని జీతంగా చూపిస్తారు, దానిమీద మళ్లీ ఉద్యోగి పన్ను పడుతుంది. యజమాని వాటా కూడా పనివాడి రేటులోంచే పోతోందని మొదటి పేస్లిప్ చూసేదాకా చాలామందికి తెలియదు. "నూటికి ఎనభై అయిదు చేతికి" అనే పథకాలు ఈ నిరాశ మీదే బతికాయి. జీతాన్ని అప్పు పేరుతో ఇచ్చే అలాంటి పథకాల్లో చేరినవాళ్లను 2019లో లోన్ చార్జి అనే పన్ను వెంటాడింది.

2022 సెప్టెంబరు 23న ఆర్థికమంత్రి క్వార్టెంగ్ 2017, 2021 మార్పులు రద్దు చేస్తానన్నాడు. ఆయన స్థానంలోకి వచ్చిన జెరెమీ హంట్ అక్టోబరు 17న ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. మూడు వారాల్లో జీవితాలు అటూ ఇటూ ఊగాయి.

ఇప్పుడు స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చే పిల్లలకు సొంత కంపెనీ కాంట్రాక్టు దారి లేదు. ప్రధాన పని స్పాన్సర్ చేసిన యజమాని దగ్గరే. కాంట్రాక్టు మాట సాధారణంగా శాశ్వత నివాసం వచ్చాకే. ఆ రోజు వచ్చినవాళ్లు సంతకానికి ముందు రెండు కాగితాలు అడగాలి. పెద్ద, మధ్యస్థాయి క్లయింటు నుంచి, కారణాలతో రాసిన స్టేటస్ నిర్ణయ పత్రం. అది తప్పనిపిస్తే అభ్యంతరం రాసివ్వాలి, 45 రోజుల్లో క్లయింటు జవాబు చెప్పి తీరాలి. అంబ్రెల్లా ద్వారా అయితే, ఏ కోత ఎంతో చూపించే కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంటును ఏజెన్సీ ఒప్పందానికి ముందే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ సంతకం పెట్టొద్దు.