హోసూరు క్వార్ట్జ్ వాచీ, మరమ్మతు బల్ల

అప్పట్లో ధర్మపురి జిల్లాలో, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలో ఉన్న హోసూరుకు చేతి గడియారాల పరిశ్రమ 1980లలో వచ్చింది. పొరుగున బెంగళూరులో హెచ్‌ఎంటీ 1961లోనే జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో కీ ఇచ్చే వాచీలు మొదలుపెట్టింది. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో స్థాపించిన టైటాన్ మాత్రం హోసూరులో క్వార్ట్జ్‌నే నమ్ముకుంది.

దాంతో మరమ్మతు తీరే మారింది. పాత వాచీలో లోపం కంటికి ఆనుతుంది: తెగిన స్ప్రింగు, అరిగిన పళ్లచక్రం, ఎండిన నూనె. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చిప్పు ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేసి, సెకనుకొక పల్స్‌ను కాయిల్‌కు పంపుతుంది. ముల్లు ఆగితే తప్పు చిప్పుదో కాయిల్‌దో భూతద్దం చెప్పలేదు.

చిప్పు నుంచి పల్స్ వస్తోందో లేదో చూడటానికి ఇక్కడ ఎల్‌ఈడీ పనికొస్తుంది, కానీ నేరుగా కాదు. వాచీ సెల్లు ఇచ్చేది ఒకటిన్నర వోల్టు. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 1.8 వోల్టులు కావాలి. అందుకే మధ్యలో ఒక ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, విడిగా ఇంకో బ్యాటరీ ఉంటాయి. పల్స్ దిశ ప్రతిసారీ తిరగబడుతుంది గనుక దీపం రెండు సెకన్లకోసారే మెరుస్తుంది; కొత్తవాళ్లు దాన్నే లోపమనుకుంటారు. మెరుపు కనిపించినా ముల్లు కదలకపోతే చిప్పు బాగున్నట్టే, వెతకాల్సింది కాయిల్‌లోనో చక్రాల్లోనో.