స్టీలు గిన్నెకి రంగులు తేలితే పారేయాలా?

మీ ఇంట్లో స్టీలు గిన్నె అడుగున నీలం, పసుపు రంగులు తేలితే పాత సామాన్లకి వేసేయకండి. ఆ భయం ఇత్తడి కాలం నాటిది. అప్పుడది సబబే. కళాయి పోయిన గిన్నెలో పులుసు నిలవుంటే చిలుము పట్టేది, తింటే వాంతులే.

స్టీలు కథ వేరండి. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు తొందరగా అరిగిపోకూడదని వెతుకుతూ, దాదాపు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కు పోయించాడు. అది నిమ్మరసానికీ లొంగలేదు. అలా వంటింటికి దారి దొరికింది.

గాలి తగిలితే చాలు, ఆ క్రోమియం కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడినా మళ్లీ తనే కట్టుకుంటుంది, కళాయి వేసేవాడి కోసం చూడక్కర్లేదు. మంట ఎక్కువైతే ఆ పొరే కాస్త మందమై, వెలుతురులో రంగులుగా కనిపిస్తుంది. అంటే మీరు చూసేది విషం కాదు, గిన్నెకున్న కాపలా. నిమ్మచెక్కతో రుద్దండి, నిశ్చింతగా వండుకోండి.