ఐదు వోల్టుల అప్పు

2012 నాటి కరెంటు కోతలు గుర్తున్నవాళ్లకి ఈ కథ తొందరగా అర్థమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకి పవర్ హాలిడేలు, ఇళ్లకి గంటల కొద్దీ కోతలు. ఏలూరులో, పేరులోనే పవర్ పెట్టుకున్న పవర్‌పేటలో కూడా అదే చీకటి. ఫోను చచ్చిపోయే వేళకి ఇంట్లో ఇంకా ఊపిరున్న యంత్రం ల్యాప్‌టాప్ ఒక్కటే. దాని పక్కనున్న యూఎస్‌బీ పోర్టులో కేబుల్ గుచ్చేవాళ్లం.

ఆ పోర్టు పుట్టింది అందుకు కాదు. 1996లో యూఎస్‌బీ మొదటి ప్రమాణం వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో మన దేశం నుంచి వెళ్లిన అజయ్ భట్ ముఖ్యుడు. కీబోర్డుకొకటి, మౌస్‌కొకటి, ప్రింటర్‌కొకటి అంటూ రకానికో సాకెట్ పెట్టే గొడవ తీర్చడమే వాళ్ల ఉద్దేశం. మౌస్‌కి మళ్లీ విడిగా అడాప్టర్ ఎందుకని, సమాచారం వెళ్లే కేబుల్‌లోనే ఐదు వోల్టుల కరెంటూ పంపారు. అదీ లెక్క ప్రకారం. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0లో కూడా, తగిలించిన పరికరం ముందు 100 మిల్లీఆంపియర్లతో సరిపెట్టుకోవాలి. తానెవరో చెప్పుకుని, కంప్యూటర్ సరేనంటే 500 దాకా వాడుకోవచ్చు. తెలిసినవాళ్ల కొట్లో ఖాతా అడిగినట్టు!

లోకం ఈ మర్యాదని పెద్దగా పట్టించుకోలేదు. బజార్లో దొరికే చవక ఫ్యాన్లూ లైట్లూ అడక్కుండానే లాక్కున్నాయి. చివరికి నిబంధనలే జనం వెనక నడిచాయి. మొబైల్ ఛార్జర్లు యూఎస్‌బీ పద్ధతిలో ఉండాలని 2006 డిసెంబరులో చైనా తేల్చింది. 2007లో బ్యాటరీ ఛార్జింగ్‌కే విడిగా ఒక ప్రమాణం వచ్చింది.

మన దగ్గర అడ్డొచ్చింది మాత్రం పిన్ను. తాడేపల్లిగూడెం బస్టాండులోనైనా, కొల్లేటి లంకలో చేపల చెరువు గట్టు మీదైనా అప్పుడు వినబడే ప్రశ్న ఒకటే: "సన్న పిన్నుందా, లావు పిన్నుందా?" నోకియా కీప్యాడ్ ఫోన్లకి ల్యాప్‌టాప్ నుంచి ఛార్జి ఎక్కించాలంటే మళ్లీ వేరే కేబుల్ కొనుక్కోవాలి.

నాకు చిత్రంగా అనిపించేది ఇక్కడి లెక్క. ఆ ఫోను బ్యాటరీ సుమారు 1000 మిల్లీఆంపియర్ అవర్లు, అంటే నాలుగు వాట్ అవర్ల లోపు. యాభై వాట్ అవర్ల ల్యాప్‌టాప్, దారిలో పోయేది పోగా, పది ఫోన్లు నింపగలదు. ఇప్పుడు కేబుల్ గొడవ దాదాపు తీరింది, యూరప్ అయితే 2024 డిసెంబరు నుంచి టైప్ సీని చట్టమే చేసింది. కానీ 5000 మిల్లీఆంపియర్ అవర్ల ఫోనుకి అదే ల్యాప్‌టాప్ రెండుసార్లు ఛార్జి ఇస్తే గొప్ప. పాత పోర్టయితే ఒక్కసారి నిండడానికే పది గంటలు దాటుతుంది.

కొల్లేరు దగ్గర ఇది ఊరికే వేసుకునే లెక్క కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్లు చేరింది ఈ సరస్సుకే. లంక గ్రామాల రోడ్లు మునిగాయి. సముద్రానికి పోవడానికున్న దారి ఉప్పుటేరు ఒక్కటే కాబట్టి నీళ్లు అంత తొందరగా తీయవు. వరదొస్తే ముందు ఆపేది కరెంటే. పడవ పంపమని అడగాలన్నా, ఏలూరులో ఉన్న పిల్లలకి క్షేమం చెప్పాలన్నా ఫోనులో ప్రాణం ఉండాలి. ఊళ్లో ల్యాప్‌టాప్ ఉన్న ఇల్లు ఒకటో రెండో. ఆ ఇంటి వసారాలో ఎవరి ఫోను ముందు తగిలించాలి?